కిటికీ దగ్గర పంజరం

కువిదర్‌కి కడుపుమంట. డాక్టరు మందిచ్చే రకం కాదు. పక్కవీధి బూజెమా పిట్ట తన పిట్టకన్నా బాగా పాడుతోంది, అదీ జబ్బు.

అల్జీర్స్‌లో వాళ్ల పేటలో మగాడి పరువు పంజరంలోనే ఉంటుంది. ఎర్రమూతి, పసుపు రెక్కల మక్నీన్ పిట్ట లేని ఇల్లు లేదు. కువిదర్ తన పిట్టని కన్నబిడ్డలా సాకాడు. ఉడికించిన గుడ్డులో పచ్చసొన, దోసకాయ ముక్క, పొద్దున కాస్త ఎండ, స్నానానికి చిన్న గిన్నె, అన్నీ వేళకి జరగాల్సిందే. పిచ్చుకల గోల చెవిన పడితే పాట చెడుతుందని కిటికీ ఛాయలకే పోనిచ్చేవాడు కాదు. బూజెమా పిట్టపిల్లని కొన్నప్పుడు తన పంజరం లాంటిదే ఎంచి ఇచ్చింది కువిదరే. తన పిట్ట పక్కన గుడ్డ కప్పి పెట్టి పాట నేర్పించిందీ కువిదరే. తీరా ఇప్పుడు కాఫీ కొట్టులో అందరూ ఆ శిష్యుడి చుట్టూనే మూగుతున్నారు.

"ఏం కువిదర్, నీ ముసలాయనకి ఇక పెన్షన్ ఇప్పించరాదూ?" అన్నాడు కొట్టు యజమాని. అందరితోపాటు కువిదరూ నవ్వాడు. కాఫీ మాత్రం సగంలో వదిలేసి లేచాడు.

వేసవి చివర్లో బూజెమా పంజరం పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. "అన్నా, ఒరాన్‌లో అమ్మకి కంటి ఆపరేషన్. నెల్లాళ్లు పడుతుంది. ఈకలు రాలే కాలం, నిన్ను తప్ప ఎవర్నీ నమ్మలేను."

"దానికేం తమ్ముడూ, నాదానితో పాటే," అన్నాడు కువిదర్.

ఈకలు రాల్చే రోజుల్లో పిట్ట గొంతు మూగబోతుంది. అప్పుడు విన్నదే కొత్త ఈకలతోపాటు పాటలోకి వస్తుందని వాళ్ల నమ్మకం. అందుకే కువిదర్ ఆ రాత్రే బూజెమా పంజరాన్ని వంటింటి కిటికీకి తగిలించాడు. బయట తీగ మీద పిచ్చుకల సంత. తన పంజరం వెనకగదిలో పెట్టాడు. సిగ్గేసింది. అయినా కాఫీ కొట్టులో నవ్వులు గుర్తొచ్చాయి.

అతను బస్సు డ్రైవరు. బీచ్ సీజన్‌లో వాళ్ల వారపు సెలవు శుక్రవారం కూడా దొరకదు. తెల్లారక ముందే పోయి, చీకటి పడ్డాక వచ్చేవాడు. అప్పటికి రెండు పంజరాలకూ గుడ్డలుండేవి. చీకట్లో గుడ్డ ఎత్తితే పిట్ట బెదురుతుందన్న రూలు అతను పెట్టిందే. పగలంతా మేత, నీళ్లు చూసేది భార్య వర్దియా.

"కిటికీ పిట్ట ఎలా ఉంది?" అని రోజూ అడిగేవాడు.

"అచ్చం పిచ్చుకలాగే కిచకిచమంటోంది. ఏం చోద్యమో!" అందొకరోజు.

ఆ రాత్రి కువిదర్ రెండు గిన్నెల సూప్ తాగాడు.

బూజెమా తిరిగొచ్చిన రోజు సెలవు పెట్టి మరీ ఇంట్లో కూర్చున్నాడు. అతను వచ్చేదాకా పంజరాల గుడ్డలు తీయొద్దన్నాడు. "పాపం, ఏమైందో ఏమో తమ్ముడూ," అంటూ మొహం వేలాడేసి కిటికీ పంజరం మీద గుడ్డ లాగాడు. ఎడమ కాలికి విరిగిన గోరు. అది తన పిట్ట. కిచకిచమంది. వెనకగదిలోంచి తను నేర్పిన పాట, కొత్త గొంతుతో, తేటగా వినిపించింది.

"మర్నాడే పంజరాలు నేనే మార్చానయ్యా," అంది వర్దియా. "నమ్మి అప్పగించిన పిట్టని గాలీ గోలా ఉన్నచోట తగిలించావేంటి? నిద్రమత్తులో పెట్టుంటావులే అనుకున్నా. మనది ఏమైపోయినా మనదే. పరాయివాళ్లది చెడితే రేపు దేవుడికి ఏం చెబుతాం?"

బూజెమా కళ్లు నిండిపోయాయి. కువిదర్‌ని వాటేసుకున్నాడు. "నా పిట్ట కోసం మీ పిట్టని పాడుచేసుకున్నారా అన్నా! సొంత అన్న కూడా చేయడు."

నిజం చెప్పాలని కువిదర్ నోరు తెరిచాడు. అంతలో బూజెమాయే అందుకున్నాడు.

"రేపట్నుంచి నీ పంజరం మా ఇంటికి తీసుకురా. నాదాని పక్కన పెడదాం. నీదాని దగ్గర నేర్చిందేగా, తిరిగి నేర్పదూ?"

బూజెమా ఇంటికి కాఫీ కొట్టు ముందు నుంచే పోవాలి. మర్నాడు గుడ్డ కప్పిన పంజరంతో కువిదర్ తలొంచుకుని నడుస్తుంటే, యజమాని బయటికొచ్చి కేకేశాడు.

"ఏం కువిదర్, బడికా?"

గుడ్డ కింద అతని పిట్ట పిచ్చుకలా కిచకిచమంది.