పొట్టి కాలు, పొడవు కాలు

"ఇప్పుడు ఎటు, వైశూ?" అన్నాడు మా ఆయన కార్తికేయ ఫోన్‌లో.

ఆయన ఉన్నది ఎస్టోనియాలో, టాలిన్ అనే పాత ఊళ్లో. నేనేమో సిడ్నీలో, స్కోఫీల్డ్స్‌లోని మా ఇంట్లో. అక్కడ ఉదయం పదిన్నర, ఇక్కడ సాయంత్రం ఐదున్నర. అదంతా రాళ్లు పరిచిన సందుల ఊరు, నడిచే చూడాలి. ఏ సందు ఎక్కడ తేలుతుందో ఏడాదిగా మ్యాపులు చూసి చూసి నాకు కంఠతా వచ్చేసింది. ప్లానంతా నాది. వెళ్లింది మాత్రం ఆయనా, మా అత్తగారు శేషుకుమారీ.

నాది బ్రిడ్జింగ్ వీసా, అసలు వీసా తేలేదాకా ఇచ్చే తాత్కాలికం. ముందే అనుమతి తీసుకోకుండా దేశం దాటితే మళ్లీ లోపలికి రానివ్వరు. "అప్లై చేశా, వాళ్లే ఇవ్వట్లేదు, వాట్ కెన్ ఐ డూ?" అని, ఆ అనుమతి పని నెత్తినేసుకున్న ఆయన రెండు నెలలు అదే పాట పాడాడు. నేను పిచ్చిదానిలా వీసా ఆఫీసు వాళ్లను తిట్టుకుంటూ కూర్చున్నాను.

"హలో! ఇక్కడ మెట్లున్నాయి. ఎక్కమంటావా?"

"వద్దు. అది పొట్టి కాలు వీధి. అత్తయ్య మోకాళ్లు పట్టేస్తాయి."

నిజంగానే వాటి పేర్లవి. కొండ మీదికి పొట్టి కాలు, పొడవు కాలు అని రెండు దారులు.

"సరే, ముందు మ్యూజియం టికెట్లు పంపు. నా లాప్‌టాప్‌లో మెయిల్ ఓపెన్ చెయ్యి."

తెరిచాను. టికెట్ల కింద ఇంకో మెయిల్ ఉంది. నా ప్రయాణ అనుమతి దరఖాస్తు సగంలోనే ఆగిందట, ఇంకా సమర్పించలేదట. అది రెండో రిమైండరు.

"మీరు అసలు అప్లై చెయ్యనే లేదు."

"అంటే... ఆఫీసులో బిజీ, వైశూ. అమ్మకి కూడా చూపించాలనిపించింది. లేటర్ మాట్లాడదాం, ప్లీజ్. దారి చెప్పు."

నేను లింకు నొక్కాను. కోడ్ అడిగింది. అది వెళ్లింది ఆయన ఫోనుకి! నేను గడప దాటాలన్నా ఆయన జేబులోంచే రావాలన్నమాట. ఒళ్లు మండిపోయింది.

"మీకు ఆరంకెలు వచ్చాయి. చదవండి. అప్పుడు దారి చెప్తాను."

"డోంట్ బీ సిల్లీ! అమ్మ నిలబడలేకపోతోంది."

"చదవండి."

స్పీకర్‌లో మా మాటలన్నీ విన్నట్టుంది, అత్తయ్య గొంతు వినిపించింది. "దానికి వీసా రాలేదని కదరా నాతో చెప్పావు? ఇటివ్వు ఆ ఫోను."

ఒంగోలులో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన టీచరమ్మ ఆవిడ.

"రాసుకో అమ్మాయ్. ఏడు. సున్నా. నాలుగు..."

ఆరూ కొట్టాను. ఫారం తెరుచుకుంది. బయల్దేరే తేదీ దగ్గర ఖాళీగా వదిలేశాడు.

"కుడికి తిరిగి తిన్నగా వెళ్లండత్తయ్యా, పొడవు కాలు వస్తుంది. మెట్లుండవు. మెల్లగా ఎక్కండి."

"మరి నువ్వెప్పుడు వస్తావే?"

"సెప్టెంబరులో," అన్నాను తేదీ కొడుతూ. "నేనొక్కదాన్నే."