బావ స్క్రూల డబ్బా

మా బావ దగ్గర ఒక బిస్కెట్ల డబ్బా ఉంది. నిండా స్క్రూలే. పాత ఫ్యానువి, చచ్చిన మిక్సీవి, ఎవరో పారేసిన తలుపువి. ఆయన జన్మలో ఒక్క స్క్రూనూ పారెయ్యలేదు. అందులో ఒక్కటీ ఎక్కడా పట్టిందీ లేదు.

ఆ ఉదయం ఇనప కుర్చీ కాలు ఊడింది. సాయంత్రం మా అమ్మ వస్తోంది. మోకాళ్ల నొప్పులు, చేతులున్న కుర్చీలోంచి అయితేనే లేవగలదు. ఇంట్లో అలాంటివి రెండే. ఒకటి ఇది. రెండోది టీవీకి ఎదురుగా ఉన్న బావ మెత్తటి కుర్చీ. ఆయన అందులో కూర్చుంటే తప్ప ప్రపంచంలో వార్తలు మొదలవ్వవు.

"సాయంత్రానికి ఇది బాగవ్వకపోతే అమ్మ అందులో కూర్చుంటుంది. నెల్లాళ్లు," అంది అక్క.

బావ వెంటనే చొక్కా విప్పాడు.

కాలికున్న స్క్రూ తల విరిగి, మొండెం లోపలే ఉండిపోయింది. కొసమాత్రం బయటికి కనిపిస్తోంది.

"నూనె వేసి వదిలేద్దాం బావా. తుప్పు నానాలి."

"నాకు చెప్తున్నావా?" అని నూనె వేసి, అది లోపలికి దిగకముందే ప్లయర్‌తో తిప్పాడు. స్క్రూ ఇంకాస్త లోపలికి పోయింది.

"చూశావా, కదిలింది!"

"అది బిగించేవైపు బావా."

ఆయన అలిగి టీ తాగడానికి వెళ్లాడు. ఆలోగా నూనె తన పని తాను చేసుకుంది. నేను రంపం బ్లేడుతో కొస మీద గాడి కోసి, స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే మొండెం బయటికొచ్చింది. బావ తిరిగొచ్చి, దాన్ని వెలుగులో పెట్టి చూసి, భద్రంగా డబ్బాలో వేశాడు.

"దానికి తల లేదు కదా?"

"నీకూ లేదు. నిన్ను పారేశామా?"

"సందు చివర షాపులో కొత్తది తెచ్చుకోండి," అంది అక్క వంటింట్లోంచి.

"డబ్బాడు స్క్రూలు పెట్టుకుని కొనాలా? నలుగురూ వింటే నవ్విపోతారు."

అక్కడ నలుగురు లేరు కాబట్టి నేనొక్కణ్ణే నవ్వాను.

డబ్బా నేలమీద బోర్లించి, మధ్యాహ్నమంతా వెతికి ఒకటి ఎంచాడు. అది సగం వెళ్లి ఆగింది.

"దీని మరలు బెజ్జం మరలతో కలవట్లేదు బావా."

"బిగుతుగా ఉంటేనే నిలుస్తుంది," అని ఒంట్లో బలమంతా పెట్టాడు.

టప్‌మంది. ఈసారి స్క్రూ బెజ్జం అంచుదాకా తెగింది. గాడి కొయ్యడానికి కూడా ఏమీ మిగల్లేదు.

బెల్లు మోగింది.

అమ్మ మెత్తటి కుర్చీలో వెనక్కి వాలి, రిమోట్ అందుకుని, సీరియల్ పెట్టుకుంది. బావ స్క్రూల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుని, కొత్తగా విరిగిన తలని పాత మొండెం పక్కన పెట్టి చూసుకున్నాడు.

"తలా ఉంది, మొండెమూ ఉంది. ఎప్పుడో పనికొస్తాయి."

"ఇంత సుఖంగా ఉంటే నెల్లాళ్లేం చాలుతాయే?" అంది అమ్మ, అక్కతో.