దొరికిన చోటు: సూరారం

ఓదెలు జీవితంలో అబద్ధాలు లేకపోలేదు. వాడిన మొక్కను నీడలోకి జరిపి "రేపటికి లేస్తది" అని కొనేవాళ్లకు నచ్చజెప్పడం, అడవికి పోతూ పెళ్లికని భార్యకు చెప్పడం వంటివి నోటితో పుట్టి నోటితోనే పోయాయి. కాగితం మీద రాసింది మాత్రం ఒక్కటే. ఆ ఒక్కటీ 2006 జూలైలో ఒక ఉదయం, ప్లాస్టిక్ కవరులో భద్రంగా, శామీర్‌పేట రోడ్డు పక్కనున్న ఆయన నర్సరీకి నడిచి వచ్చింది.

తెచ్చిన అమ్మాయి పేరు స్రవంతి. విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర పరిశోధన చేస్తోంది. భుజాన సంచి, బురద పట్టిన బూట్లు. కవరులోంచి జిరాక్సు కాగితం తీసి బల్ల మీద పరిచింది.

"ఈ రాత మీదేనా సార్?"

కళ్లద్దాలు పెట్టుకోకుండానే ఓదెలు పోల్చుకున్నాడు. అట్టకు అంటించిన ఎండు తీగ, కుడివైపు కింద చీటీ. సేకరించినవారు: ఓదెలు. తేదీ: 23-7-1995. దొరికిన చోటు: సూరారం, కాలనీ వెనక రాతిగుట్ట.

"నాదే," అన్నాడు.

"మూడు వానకాలాల సంది తిరుగుతున్న సార్. సూరారం జూసిన, గాజులరామారం జూసిన. ఏడ దొర్కలే. ఈ మొక్కకు రికార్డుల ఇదొక్క షీటే ఉన్నది. మీరొకసారొచ్చి గా జాగ చూపెడితే చాలు. ఆడ గూడ లేకుంటే నేల మీద అంతరించిందని రాసి ముగిస్త."

"నా తాన ఉన్నయి గదా," అని ఓదెలు నీడవల కింది వరుస చూపించాడు. ముప్పై కుండీల్లో అదే తీగ, ఆ వారమే విచ్చిన పూలతో ఉంది. పువ్వు వేలెడంత. కింద గుండ్రని బుడ్డి, పైన సన్నని గొట్టం, కొసన ఐదు రేకులు పంజరంలా కలుసుకుని ఉంటాయి. అచ్చం కందీలు, అదే లాంతరు. చిన్న ఈగలు అందులోకి జారుతాయి. గొట్టంలోని వెంట్రుకలన్నీ లోపలివైపే వంగి ఉండటంతో బయటికి రాలేవు. వెంట్రుకలు వాడిపోయాకే పుప్పొడి మోసుకుంటూ ఎగిరిపోతాయి.

స్రవంతి మోకాళ్ల మీద కూర్చుని పువ్వులోకి చూసి, చిన్నపిల్లలా నవ్వింది. తర్వాత లేచింది. "కుండీల ఉన్నది మొక్కే గాని, లెక్కకు రాదు సార్. ఏ నేల మీద పుట్టింది, ఆడ ఇంకా ఉన్నదా, అదే కావాలె."

ఆ మాట ఓదెలుకు కొత్త కాదు. నర్సరీ పెట్టకముందు మేడ్చల్ దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో ఆయన పన్నెండేళ్లు వృక్షశాస్త్ర విభాగపు అటెండరు. పదో తరగతి గట్టెక్కనివాడికి మొక్కను అద్దుడు కాగితాల మధ్య ఆరబెట్టడం, అట్టకు కుట్టడం, చీటీ రాయడం నేర్పింది అక్కడి లెక్చరరే. మొక్క ఎదురుగా ఉండగానే చీటీ నింపమనేవాడు. ఇంటికి వెళ్లాక రాస్తే జ్ఞాపకం కథలల్లుతుందనేవాడు. దేవుడి గురించి, జాతకాల గురించి ఆ మాస్టారు ఎన్నో అనుమానాలు పెట్టిపోయాడు గానీ, చీటీ మీద మాత్రం తిరుగులేని నమ్మకం నిలిపిపోయాడు.

తర్వాత ఎకరం నేల తీసుకుని, ఎవరూ పెంచని మొక్కలు పెంచాడు ఓదెలు. గుట్టలూ వాగులూ తిరిగి తెచ్చిన దుంపలూ గడ్డలూ ఆయన చేతిలో బతికేవి. నగరం నుంచి కార్లు వచ్చేవి. ప్రతి కొత్త మొక్కకూ ఒక ఎండు నమూనా విశ్వవిద్యాలయానికి పంపేవాడు. అదొక్కటే ఆయన మొక్కు.

1994లో ఒక వాగు ఒడ్డున నేల మీద వాలిన సీతాకోకల్లాంటి పూలున్న మొక్కను పట్టుకున్నాడు. చీటీలో చోటు పక్కాగా రాసి పంపాడు. ఆరునెలలకు తిరిగి వెళితే ఆ ఒడ్డున గుంతలు తప్ప ఏమీ లేవు. చీటీ చదివిన ఒక పెద్ద నర్సరీవాళ్లు మనుషుల్ని పెట్టి తవ్వించుకుపోయారు.

మరుసటి వానాకాలం ఎలీషమ్మ ఆయన్ని పొట్టేలు గుట్ట ఎక్కించింది. శామీర్‌పేట చెరువుకు ఉత్తరాన ఉన్న ఆ గుట్ట కింద ఆమె గుడిసె, పదకొండు మేకలు. బండల సందుల్లోంచి ఒక తీగను చూపించి, "కందీలు గడ్డ" అంది. కట్టెతో తవ్వి, గడ్డను అడ్డంగా విరిచింది. కింది సగం ఒడిలో వేసుకుని, మొలక ఉన్న పై సగాన్ని మళ్లీ గుంతలో పెట్టి అరచేత్తో తట్టింది.

"తల మల్ల నేలకే ఇయ్యాలె తమ్మీ. అన్ని నువ్వే దింటే వచ్చే ఏడు మేం ఏం దినాలె?"

ఆమె మేకల్ని మళ్లించడానికి అవతలికి వెళ్లినప్పుడు ఓదెలు నలభై గడ్డలు తలలతో సహా తీశాడు. ఆ రోజు గుట్ట మీద కూర్చుని, మొక్క ఎదురుగా ఉండగానే, చీటీ నింపాడు. చోటు దగ్గర కలం ఆగింది. నిరుడు చూసిన గుంతలు గుర్తొచ్చాయి. మరదలు ఉండే సూరారం గుర్తొచ్చింది. అక్కడి రాళ్లను అప్పటికే ఇళ్లకోసం పగలగొడుతున్నారు, వెతకడానికి ఎవడొస్తాడు? మొక్కను కాపాడుతున్నాననుకుంటూ రాశాడు. ఆ సాకులో సగం నిజం. తక్కిన సగం ఏమిటో, ఆ తీగ తన దగ్గర తప్ప ఎక్కడా దొరకదని కొనేవాళ్లతో చెప్పిన ప్రతిసారీ ఆయనకు తెలుస్తూనే ఉంది.

ఇప్పుడు చెప్పేయాలనే ఆయన నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే భార్య రుక్కమ్మ చాయ్ తెచ్చింది.

"మా ఆయన చీటీ రాసిండంటే రాసిండే బిడ్డా. పప్పు డబ్బ మీద గూడ తారీకు ఏస్తడు. గా డబ్బల పురుగులు బడ్డయా లేదా చూడడు గాని, తారీకు మాత్రం తప్పడు."

స్రవంతి పకపకా నవ్వింది. ఓదెలు చాయ్ కప్పు అందుకుని, "నడువు బిడ్డా, చూపెడత," అన్నాడు.

సూరారంలో కాలనీ వెనక గుట్ట అన్నది మాటగానే మిగిలింది. రేకుల ఇళ్ల మధ్య లారీ ఎత్తు బండలు రెండు, వాటి మీద ఆరేసిన దుప్పట్లు. ఓదెలు అటూ ఇటూ చూసి ఒక బండ వైపు చెయ్యి చాచాడు. "గీడ్నే అనుకుంట." ఆ చెయ్యి తనది కాదన్నట్టు అనిపించింది.

స్రవంతి సంచి దించి, బండ చుట్టూ మోకాళ్ల మీద పాకుతూ సందు సందూ వెతకసాగింది. గడప ముందు కూర్చుని పళ్లు తోముకుంటున్న బక్కయ్య అనే ముసలాయన కాసేపు చూసి ఉమ్మేశాడు.

"ఏం బోయింది బిడ్డా? కమ్మనా?"

"కాదు తాతా, మొక్క."

"మొక్కనా! గీడ మున్సిపాల్టోల్లు పెట్టిన మొక్కలే బతుకుతలేవు, నువ్వు బోయినదాన్ని దేవులాడుతున్నవా?" ఓదెలు వైపు తిరిగాడు. "నీ బిడ్డనా? జర జెప్పరాదయ్యా. గాడ పిల్లలు దొడ్డికి గూసుంటరు."

"తాతా, గుట్ట ఉన్నప్పుడు గీడ తీగకు కందీలసొంటి పువ్వు ఎప్పుడన్న జూసినవా?" అని స్రవంతి అడిగింది.

"డెబ్బై రెండుల వచ్చిన నేను. గుట్టంతా నా చేతుల మీదనే పలిగింది. గసొంటిది ఉంటే నా కంట్ల వడకపోవునా?"

స్రవంతి ఓదెలు వైపు చూసింది. ఆ చూపులో అనుమానం ఉంటే ఆయన కొంత తేలికపడేవాడు. "ముసలోల్లకు యాది ఉండదు గదా సార్," అని ఆమె మెల్లగా అంది. మధ్యాహ్నం దాకా వెతికింది. ఒక గాజుపెంకు అరచేతిని కోస్తే రుమాలు చుట్టుకుని మళ్లీ వెతికింది. ఓదెలు కూడా వంగాడు. లేదని ఖాయంగా తెలిసిన చోట, ఉన్నదేమోనన్నట్టు గడ్డి పాయలు తీసి చూశాడు.

బస్టాపులో నోటుబుక్కు తెరిచి ఆమె రాసుకుంది. "చోటు నిర్ధారించినవారు స్వయంగా సేకర్త అని రాస్తున్న సార్. మా గైడ్ మేడం ముందే అన్నది, చీటీ ఓదెలుగారిదైతే కళ్లు మూసుకుని నమ్ము అని."

ఓదెలు రోడ్డు వైపు తిరిగాడు. బస్సు వచ్చింది.

మరునాడు తెల్లవారుతూనే ఓదెలు పొట్టేలు గుట్టకు బయలుదేరాడు. అక్కడికి వెళ్లి ఏడేళ్లయింది. కుండీల్లో మొక్కలు ఉండగా గుట్టతో పని పడలేదు. దూరం నుంచే తెల్లటి దుమ్ము కనిపించింది. పడమటి వైపు సగం గుట్ట లేదు. మిగిలిన బండల మీద తవ్వకానికి సున్నంతో గీసిన గీతలున్నాయి. కింద కంకర మర అరుస్తోంది.

ఎలీషమ్మ గుడిసె ముందే ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది. మేకలు మూడే.

"ఇన్నేండ్లకు యాదికొచ్చిన్నా తమ్మీ? కూసో. దుమ్ము తుడుసుకొని కూసో."

"గిదంత ఎప్పటి సంది అక్కా?"

"నిరుటి సంది. మేం ఊకున్నమా? ఊరంత గలిసి తవ్వద్దని కాగితం బెట్టినం. గనుల ఆఫీసు సార్లొచ్చి గుట్ట మీద ఇశేషమేముందని అడిగిన్రు. నేను జెప్పిన, కందీలు గడ్డ ఉన్నది, ఇంకేడ లేదు అని. పువ్వు గూడ తెంపి జూపెట్టిన. వాల్లల్ల ఒకాయన పెద్ద సదువు సదివినోడంట, ఇంటికి వోయి పుస్తకం జూసి మల్లొచ్చిండు. గా మొక్క సూరారంల ఉంటదంట. కాగితం మీద ఉన్నదంట. 'ముసల్దానా, యేసయ్య పేరు జెప్పుకుంట అబద్ధాలాడుతవా' అన్నడు. అందరు నవ్విన్రు తమ్మీ. మా పాస్టరు గూడ తల వంచిండు."



"నేనేమో చిన్నప్పటి సంది దిన్న గడ్డ," అంది ఎలీషమ్మ. "కాగితం ఎవ్వడు రాసిండో గాని, ఆని మీద కోపం లేదు నాకు. ప్రభువుకు జెప్పుకున్న, ఇడిచిపెట్టిన."

ప్రభువుకు చెప్పుకుని తేలికపడే వీలు ఓదెలుకు లేదు. ఎవరికి చెప్పాలో వాళ్లకే చెప్పాలి. "అక్కా, గా కాగితం నేనే రాసిన," అన్నాడు. కంకర మర హోరులో ఆమెకు వినిపించలేదేమోనని మళ్లీ అన్నాడు. రెండోసారి అనడం మొదటిసారికన్నా కష్టమైంది.

ఎలీషమ్మ ఆయన ముఖంలోకి చూసింది. కోపం లేదన్న మాటను వెనక్కి తీసుకుంటున్నట్టు ఆమె పెదవులు బిగుసుకున్నాయి. లేచి మేకల వైపు నడిచి, నాలుగడుగుల తర్వాత ఆగింది.

"తూరుపు దిక్కు ఇంకా ఉన్నయి. పన్నెండో పదమూడో. నేను తలలు బెడుతనే ఉన్న." ఆయన వైపు తిరగలేదు. "గా సదువుకున్న పిల్లను దోలుకరా. నువ్వు గాదు, ఆమెకు జూపెడత నేను."

మూడు రోజుల తర్వాత విశ్వవిద్యాలయంలో, ఎండు మొక్కల బీరువాలున్న హాలులో, స్రవంతి అసలు అట్టను ఓదెలు ముందు పెట్టింది. ఓదెలు జరిగిందంతా చెప్పాక, ఆమె ఎలీషమ్మ వెంట గుట్ట చూసి వచ్చింది. ఫొటోలు తీసింది. మేడంతో కలిసి గనుల ఆఫీసుకు ఉత్తరం పంపింది. తవ్వకం ఆగుతుందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. ఎలీషమ్మ గడ్డను సగానికి విరిచి నాటి చూపించిన సంగతి ఆమె పూసగుచ్చినట్టు చెప్పింది. సూరారంలో గడిచిన పూట గురించి మాత్రం ఒక్కమాట అనలేదు. ఆమె అరచేతి కట్టు ఇంకా విప్పలేదు.

"గీ పాత చీటీ తీసెయ్యరాదా బిడ్డా?" అని ఓదెలు అడిగాడు. అడుగుతుండగానే సిగ్గేసింది. పన్నెండేళ్లు ఆ పని చేసినవాడికి జవాబు తెలుసు. ఎండు నమూనాలు దాచే హెర్బేరియంలో ఏ చీటీనీ చింపరు, కొట్టివేయరు. తప్పు తప్పుగానే ఉంటుంది. దాని పక్కన దిద్దుబాటు చీటీ అంటించి, పేరూ తేదీ వేస్తారు. వందేళ్ల తర్వాత బీరువా తెరిచినవాడు రెండూ చదువుతాడు.

స్రవంతి ఒక చిన్న తెల్లచీటీ ఆయన ముందుకు జరిపింది. ఎదురుగా చూడకుండా అంది, "చోటు పొరపాటున తప్పుగా నమోదైందని రాయండి సార్. గంతే చాలు. అందరు గట్లనే రాస్తరు."

ఓదెలు కలం తీశాడు. 'పొరపాటు'కు ఇంగ్లీషు మాట ఆయనకు వచ్చు. కాలేజీలో ఎన్నో చీటీల మీద చూసిందే. తనకు కావలసిన మాటకు ఇంగ్లీషు రాదు.

"తెలుగుల రాయచ్చునా?"

"రాయచ్చు సార్."

ఆయన వంగి, ప్రతి అక్షరం విడివిడిగా, మొక్క ఎదురుగా ఉండగానే రాశాడు. 'ఈ మొక్క దొరికిన చోటు సూరారం కాదు, శామీర్‌పేట పొట్టేలు గుట్ట. చూపించినవారు ఎలీషమ్మ. సేకర్త తెలిసి తప్పు రాశాడు.' కింద పేరు, తేదీ వేశాడు.

స్రవంతి రెండుసార్లు చదివింది. తర్వాత జిగురుసీసా మూత తీసి, సీసాను ఆయన వైపే జరిపింది. చీటీ వెనక నాలుగు మూలలా జిగురు పలుచగా రాసి, పాతదాని పక్కన పెట్టి, బొటనవేలితో అదిమాడు ఓదెలు. జిగురు పట్టేదాకా వేలు తీయకూడదు. ఆ పనీ ఆయనకు చేతనైనదే.