పాటలాయన రేకు అంకెలు

శనివారం సాయంత్రం కాపలా తాత నిచ్చెనేసుకుని చర్చి గోడ మీదున్న చెక్కబోర్డుకి అంకెలు తగిలించేవాడు. మర్నాటి ఆరాధనలో ఏ పాటలు పాడాలో వాటి నంబర్లవి. మూడు పాటలు, ఒక్కో పాటకి మూడేసి రేకు అంకెలు. పాదిరిగారు చీటీ మీద రాసిచ్చినవే తగిలించేవాడు పాపం, కళ్ళజోడు తుడుచుకుని మరీ సరిచూసుకునేవాడు. తెల్లారేసరికి అవి మారిపోయి ఉండేవి. వాటి బదులు వచ్చినవన్నీ పాటలాయన రాసిన పాటల నంబర్లే.

పాటలాయన పోయి ఇరవై రెండేళ్ళయింది. నది మీద పాత ఇనుపవంతెన కూలి రైలు రైలంతా నీళ్ళలో పడ్డ రోజున ఆయన మూడో పెట్టెలో ఉన్నాడు. ఆ ప్రమాదం సంగతి ఇప్పుడు బడిపుస్తకాల్లో కూడా ఉంది. ఎంతమంది పోయారో, వంతెన కట్టినవాళ్ళు ఇనుము దగ్గర ఎంత కక్కుర్తి పడ్డారో అన్నీ రాశారు. పోయినవాళ్ళలో ఒకాయన పోయాక కూడా ఊరుకోలేదని మాత్రం రాయలేదు. రాయడానికేముంది, అందరికీ తెలిసిందేగా.

పాదిరిగారికి మాత్రం తల ప్రాణం తోకకొచ్చేది. ఆయన దుఃఖం గురించి ప్రసంగం రాసుకుంటే బోర్డు మీద పెళ్ళిపాట ఉండేది. ఓర్పు గురించి రాసుకుంటే పిల్లలు చప్పట్లు కొట్టే పాట. ఒకసారి అంకెలకి జిగురు పూయించాడు. ఇంకోసారి మేకులు వంచించాడు. చర్చికి తాళం వేసి, తాళంచెవి దిండు కింద పెట్టుకుని పడుకున్న వారం పదకొండు చరణాల పాట వచ్చింది, అదీ మూడు వరసల్లోనూ అదే. పాడి పాడి జనం గొంతులు బొంగురుపోయాయి, ఇళ్ళల్లో పొయ్యి మీద పెట్టొచ్చినవి మాడిపోయాయి. ఆ తర్వాత పాదిరిగారు తాళం జోలికి పోలేదు.

అందరికన్నా ఎక్కువ విసుక్కునేది ఆర్గనమ్మ. చర్చిలో ఆర్గన్ వాయించేది ఆవిడే, పాటలాయన భార్యా ఆవిడే. పాదిరిగారు చెప్పిన మూడు పాటలూ వారమంతా సాధన చేసేది. ఆదివారం వచ్చి బోర్డు చూసి, పళ్ళు నూరుకుంటూ మొగుడి పాటలు వాయించేది. బతికున్నన్నాళ్ళూ ఇదే వరస అనేది. భోజనానికి పిలిస్తే, ఒక్క చరణం ఆగు అనేవాడట. పెళ్ళికి ఆలస్యం, తన పుస్తకం అచ్చయినప్పుడు పెట్టిన సభకీ ఆలస్యం. ఆవిడకి నొప్పులొస్తున్నాయి మంత్రసానిని పిలుచుకురమ్మంటే, దారిలో పాట తట్టి, కూతురు పుట్టి దానికి స్నానం కూడా అయ్యాక తీరిగ్గా వచ్చాడు. అదీ మంత్రసాని లేకుండా.

అలాంటి మనిషి జీవితంలో వేళకి అందుకున్నది ఒక్క రైలు. ఆ రోజు ఆవిడే గొడుగు చేతికిచ్చి, సంచి భుజానికి తగిలించి, "ఈసారైనా వేళకి వెళ్ళి చావండి" అని గుమ్మం బయటికి నెట్టింది. ఆ మాట ఆవిడ ఎవరికీ చెప్పలేదు. అప్పట్నుంచి రైలూ ఎక్కలేదు. కొత్త వంతెన కట్టి పద్దెనిమిదేళ్ళయినా నది దాటలేదు.

కూతుర్ని ఇచ్చింది నది అవతల. మొదటి కానుపుకి రమ్మని కూతురు రాస్తే, ఆదివారం ఆర్గన్ ఎవరు వాయిస్తారే అని జవాబు రాసింది. ఆ బిడ్డ పుట్టి ఏడవలేదు. ఆర్గనమ్మ అప్పుడూ వెళ్ళలేదు. ఇప్పుడు రెండో కానుపు. శుక్రవారం ఉత్తరం వచ్చింది. "అమ్మా, ఈ నాలుగు రోజుల్లోనే అంటున్నారు. ఈసారి కూడా నువ్వు ఆర్గన్ దగ్గరే కూర్చుంటే ఇంక నాకు అమ్మ లేదనుకుంటాను."

ఆవిడ చంటిబట్టలు సంచిలో సర్దింది. శనివారం తీసేసింది. మళ్ళీ సర్ది తలుపు వెనక పెట్టింది. ఆదివారం పొద్దున సంచిని అక్కడే వదిలేసి చర్చికి బయల్దేరింది. మూడు పాటలున్నాయి, నేను కాకపోతే ఎవరు వాయిస్తారు అని దారంతా తనకి తనే చెప్పుకుంది.

బోర్డు ఖాళీగా ఉంది. మేకులున్నాయి, అంకెల్లేవు. తాత అంకెల పెట్టె తెచ్చి బోర్లించి చూపించాడు. అందులోనూ లేవు, మొత్తం ముప్ఫై రేకులూ మాయం. పాదిరిగారు లోలోపల సంబరపడ్డాడు గానీ ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. ఇన్నేళ్ళుగా జనానికి బోర్డు చూసి పుస్తకం తెరవడం అలవాటైపోయింది. బోర్డు లేకపోయేసరికి ముందు వరసవాళ్ళు ఒకటెత్తుకుంటే వెనక వరసవాళ్ళు ఇంకొకటెత్తుకున్నారు. పాదిరిగారికి చిర్రెత్తుకొచ్చి, ఇవాళ పాటలూ లేవు ఏమీ లేవు, నోరు మూసుకుని ప్రార్థన చేసుకోండి అన్నాడు. తర్వాత ఆర్గనమ్మ వైపు తిరిగాడు.

"మీరు వెళ్ళండమ్మా. వాయించడానికేం లేదుగా."

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఉన్న ఒక్క సాకూ ఊడబీకేశాడు తన మొగుడు మహానుభావుడు. ఆర్గన్ మూత ధన్‌మని మూసి, ఇంటికెళ్ళి సంచి తీసుకుని స్టేషనుకి నడిచింది. సంచి చెయ్యి లాగేస్తోంది. నాలుగు చంటిబట్టలు ఇంత బరువేంటి అని విసుక్కుని, వయసైపోయిందిలే అనుకుంది.

రైలు వంతెనెక్కగానే కళ్ళు గట్టిగా మూసుకుంది. ఒళ్ళోని సంచిని రెండు చేతులా వాటేసుకుంది. కుదుపుకి సంచిలో ఏదో గలగలమంది. కళ్ళు తెరిచి చూస్తే బట్టల కింద రేకు అంకెలు, ముప్ఫైకి ముప్ఫై. కిటికీలోంచి పాత వంతెన మొండిస్తంభాలు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి.

"మోయడానికి మాత్రం నేను కావాలి," అంది ఆవిడ, ఎదురుగా కూర్చున్నాయన వింటున్నా లెక్కచేయకుండా. పాటలాయన సంచులు ఎప్పుడూ ఆవిడ మోసినవే. తిడుతూ తిడుతూనే ఏడ్చేసింది. ఆ ఏడుపులో వంతెన ఎప్పుడు అయిపోయిందో కూడా చూసుకోలేదు. ఆవిడా దాటింది, ఇరవై రెండేళ్ళకి ఆయనా దాటాడు.

వెళ్ళేసరికే కూతురికి నొప్పులు ముదిరాయి. తల్లిని చూసి పలకరించలేదు, చెయ్యి మాత్రం ఎముకలు నలిగేలా పట్టుకుంది. ఆర్గనమ్మ సంచిని కుర్చీలో పడేసి మంచం పక్కన నిలబడిపోయింది. మధ్యాహ్నం మూడింటికి ఆడపిల్ల పుట్టింది.

పిల్ల ఏడవలేదు. మంత్రసాని వీపు నిమిరింది, అరికాళ్ళు చరిచింది, నోట్లో వేలు పెట్టి తుడిచింది. నీలంగా, ఉలుకూ పలుకూ లేకుండా ఉంది పిల్ల.

"అమ్మా, మళ్ళీనా?" అంది కూతురు.

కుర్చీలోంచి సంచి కింద పడింది. దాని దగ్గర ఎవరూ లేరు. ముప్ఫై రేకులూ గచ్చు మీద పడి గదంతా మోత మోగించాయి, ఒకటి ఆగితే ఒకటి. పిల్ల ఉలిక్కిపడింది. రెండు చేతులూ చాచి, నోరు తెరిచి, గుక్కపట్టి ఏడ్చింది.

కూతురు కూడా ఏడుస్తోంది. బాలింత గదిలోకి ఈ రేకులేంటమ్మా, కాలికి తగిలితే తెగుతుంది, తీసెయ్యండి ముందు, అని మంత్రసాని కసురుకుంది. ఆర్గనమ్మ నేల మీద చతికిలబడి ఒక్కో అంకే ఏరుకుంది. చివరిది మంచం కిందికి పోయింది. దానికోసం వంగి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, రోజూ తిట్టే గొంతుతోనే అంది.

"ఇన్నాళ్ళకి వేళకొచ్చారు."