జింకల కోసం వేసిన చేను

ఆ రోజు ఇంట్లో బాబాయి, పిన్ని, జింకల్ని ఫోటో తీయడానికి బాబాయి పిలిపించిన ఫోటోగ్రాఫరు, తలుపు చాటున బాబాయి అన్నగారి అమ్మాయి ఉన్నారు. జింకలకీ పిట్టలకీ మేతగా ఉంటుందని బాబాయి పెరటి వెనక అలసందలు వేయించాడు. విత్తనాలు చల్లింది అమ్మాయే. చేను ఏపుగా పెరిగేసరికి ఆయనకి మమకారం పుట్టి, చుట్టూ ముళ్లకంచె వేసి దిష్టిబొమ్మని నిలబెట్టాడు.

"జింకలేవండీ?" అన్నాడు ఫోటోగ్రాఫరు.

"విశ్వాసం లేని జంతువులు! పిలిచి పీట వేసినా రావు."

"పీట చుట్టూ ముళ్లు కూడా వేశారుగా," అంది పిన్ని.

ఒక్క జింకైనా తింటుంటే చూడాలని అమ్మాయి ఆశ. చప్పుడు చేయకుండా వెళ్లి కంచె తడిక తీసింది. కాసేపటికి ఓ జింక వచ్చి తీగ కొరికింది.

"అయ్యో, నా పంట!" అంటూ బాబాయి కర్ర పట్టుకుని దాన్ని తరిమేశాడు. రొప్పుతూ తిరిగొచ్చి, తీసిన తడిక దగ్గర నిలబడ్డ అమ్మాయిని చూసి, "ఇంటిదొంగవి నువ్వా! పో, దాంతోపాటే మేయి," అని ఇంట్లోకి వెళ్లి ఆమె మొహం మీదే తలుపేశాడు.