నేను కొట్టిన రెండక్షరాలు

మా అత్తింటి వాళ్ళ వాట్సాప్ గ్రూపులో నూట ఇరవై మంది ఉన్నారు. నన్నూ మా ఆయన్నీ తీసేస్తే మిగతా నూట పద్దెనిమిది మంది పేరెత్తితేనే నాకు ఒళ్ళు మంట. నేను వెంకటదుర్గని. అంబాజీపేటలో జాకెట్లు కుడతాను. మా ఆయన భీమరాజు కువైట్‌లో ఏసీలు బాగుచేస్తాడు.

మంగళవారం మధ్యాహ్నం కళ్యాణ్ గ్రూపులో ఒక ఫొటో పెట్టాడు. వాడు నాకు వరసకి మరిది. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు మీద నేను, నా పక్కన ఎవడో నల్లకళ్ళద్దాల వాడు, వాడి భుజం మీద నా తల. కింద ‘వదినగారి వీకెండ్ వైబ్స్’ అని రాత. నేను పంటు ఎక్కి రెండేళ్ళు దాటింది. పైగా ఆ ఫొటోలో నా పైట కుడి భుజం మీద ఉంది! నా డీపీలోంచి ముఖం కోసి ఏదో యాప్‌లో పడేసి తీసిన బొమ్మ అది.

కిందటి వారం వాడు ‘నొక్కితే మూడు నెలల రీఛార్జి ఫ్రీ’ అని లింకు పెడితే, ఎవరూ నొక్కకండి, మోసం అని రాశాను. అందరి ముందు పరువు తీశానట. అదీ వాడి పగ.

గ్రూపులో వాళ్ళు ఏమనుకుంటే నాకేం? భీమరాజు ఏమనుకుంటాడన్నదే నా భయం.

ఇంతలో పెదమావయ్య సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు అడిగారు: “ఈ అమ్మాయి మన భీమరాజు భార్యేనా?” మా గ్రూపులో తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు. ఇది కంప్యూటర్ తయారుచేసిన బొమ్మ అని తెలిసేలా ఏ, ఐ అని రెండక్షరాలు కొట్టాను.

అందరూ దాన్ని ‘ఆయ్’ అని చదివారు. మా వైపు ఆయ్ అంటే అవునని.

రోజుకి వందసార్లు ఆయ్ అనేదాన్ని, నాకా మాత్రం తట్టలేదు. “చూసేరా, ఎంత ధైర్యంగా ఆయ్ అందో!” అని సత్యవేణి అత్తయ్య వాయిస్ మెసేజీ. పెద్దాయనకి జవాబిస్తూ ‘అండీ’ కూడా తగిలించలేదని ఇంకొకాయన బాధ. కాదు మొర్రో అని నేను రాసినదంతా వాళ్ళ నవ్వుబొమ్మల కింద కొట్టుకుపోయింది.

ముందు స్క్రీన్‌షాట్లు తీసుకున్నాను. తర్వాత స్కూటీ వేసుకుని కళ్యాణ్ ఇంటికెళ్ళాను. మంచం మీద పడుకుని ఫోన్ చూసుకుంటున్నాడు.

“ట్రోలింగ్ వదినగారూ, జస్ట్ ఫన్. మరీ క్రింజండీ బాబూ, లైట్ తీసుకోండి.”

“సైబర్ క్రైమ్ వాళ్ళు కూడా లైట్ తీసుకుంటారేమో అడుగుదాం, పద.”

వాడి ముఖం పాలిపోయింది. “డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టేస్తానండీ.”

“ముట్టుకోకు. దాని కిందే రాయి, నేనే తయారుచేశాను అని. తెలుగు అక్షరాల్లో రాయి.”

రాశాడు. గ్రూపులో ఒక్కరంటే ఒక్కరు సారీ చెప్పలేదు. సత్యవేణి అత్తయ్య గుడ్ ఈవెనింగ్ అని గులాబీ పువ్వు పెట్టింది. వాడు ఏడుస్తున్నా నేను ఆగలేదు, అక్కడే నిలబడి ఫోన్‌లోనే సైబర్ క్రైమ్ వాళ్ళకి ఫిర్యాదు పంపేశాను.

ఇంటికొచ్చేసరికి మా ఆయన వీడియో కాల్. అప్పటిదాకా నేను చేసిన పదకొండు కాల్స్ ఎత్తని మనిషి.

“చూసేను. కళ్యాణ్ రాసేడు కదా, నమ్ముతున్నాను,” అన్నాడు.

నా కళ్ళు నిండాయి.

“కానీ దుర్గా, ఒక్కటి చెప్పు. ఆ రోజు నువ్వెక్కడున్నావు?”

“ఏ రోజండీ?” అన్నాను.

జరగని రోజుకి తేదీ ఎక్కణ్ణుంచి తెస్తాడు?

“ఏ రోజో చెప్పండి,” అని మళ్ళీ అడిగాను.

ఫోన్ ఆయనే పెట్టేశాడు.