కాంతమప్ప గుమ్మంలో సముద్రం

రాతలో తప్పులుంటే మన్నించండి. యాభై దాటాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఒక్కో మాట కూడబలుక్కుని రాస్తాను, అందుకే ఆలస్యం.

మా ఊరు వజ్రపుకొత్తూరు దాటాక సముద్రం ఒడ్డున ఉంటుంది. మావైపు అక్కని అప్ప అంటాం. మా తోటికోడలు కాంతమప్ప ఇల్లు సముద్రం వైపు ఇసుకదిబ్బ మీద. నాది వెనక, వాననీళ్లు పారే గెడ్డ పక్కన పల్లంలో. తొంభై తొమ్మిది తుపానులో ఒక అల కాంతమప్ప గుమ్మం తాకి వెనక్కి పోయింది. గంగమ్మ ఎవరి గుమ్మం తాకితే ఆ ఇల్లాలే పండగలో మొదటి ఘటం ఎత్తాలని మావాళ్ల ఆచారం. ఆవిడ పసుపు చీర కట్టి ఊరంతటికీ ముందు నడిచింది. మొగుడు పోయినదాన్ని, నేనెలాగూ ఘటం ఎత్తకూడదు. అయినా కడుపు రగిలింది.

అదే తుపానులో గెడ్డ పొంగి నా ఇల్లు నడుం లోతు మునిగింది. అది ఎవరికీ గుర్తు లేదు.

మరుసటి ఏడు టెక్కలి నుంచి సుహాసిని అనే సర్వే అమ్మాయి వచ్చింది. తుపాను కబురొస్తే ఊరికున్న ఒక్క ట్రాక్టరు ముందు ఎవరింటికి వెళ్లాలో ఆమె తేల్చాలి. నా ఇంట్లో మంచం దిగలేని అత్త ఉంది. బండి ఆలస్యమైతే ఆమెను నేనొక్కదాన్నే మోయలేను.

"నీళ్లు ఎవరింటికొచ్చాయి?" అని సుహాసిని అందరినీ కూర్చోబెట్టి అడిగింది.

"కాంతం ఇంటికే. గంగమ్మతల్లి తలుపుకాడికొచ్చింది," అన్నారందరూ.

"గుమ్మం కడిగి ఎల్లిపోనాది," అంది కాంతమప్ప, పెళ్లిచూపుల ముచ్చట చెప్పినట్టు.

"నా ఇంటికీ ఒచ్చినాయి," అన్నాను.

"నీకొచ్చినవి వాన నీళ్లే పైడీ. అదీ ఒక వరదేటి?" అంది కాంతమప్ప.

అందరూ నవ్వారు. ఆఖరికి వరదలో కూడా ఆవిడదే గొప్ప వరద. సుహాసిని గీసిన ఊరి పటంలో, బండి ముందు వెళ్లాలన్న గుర్తుగా ఆవిడ ఇంటికి ఎర్రరంగు పడింది.

కొన్నాళ్లకు సుహాసిని మళ్లీ వచ్చింది. ఊరంతా ఒకే ఇల్లు చూపించడం మీద ఆమెకు నమ్మకం కుదరలేదట. ఈసారి నీళ్ల మాట ఎత్తకుండా ఇంటింటికీ తిరిగి, తుపాను రోజు వంట ఎక్కడ చేశారని అడిగింది.

"ఎక్కడేటి, పొయ్యి మీదే. ఎండు నెత్తళ్ల చేపలు వేపినాను," అంది కాంతమప్ప.

"నా పొయ్యి మునిగిపోనాది. బియ్యం కుండ దూలానికి కట్టినాను. అప్పుడు అత్తకి కాళ్లాడీవి, అటకెక్కించినాను," అన్నాను నేను.

గెడ్డ పక్క ఇళ్లన్నీ ఇదే చెప్పాయి. పటం మారింది.

"ఓలమ్మ, మా ఇంటి ఎరుపెక్కడికెల్లింది?" అంది కాంతమప్ప.

"తల్లినడుగు, అప్పా."

ఆ మాట అన్నాక నాకు అన్నం రుచించింది.

తర్వాతి తుపాను కబురుకి ట్రాక్టరు ఆవిడ గుమ్మం దాటి తిన్నగా నా గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ కంచె దగ్గర నిలబడి చూస్తోంది. చూడనీ అనుకున్నాను. మగవాళ్లు అత్తను మంచంతో ఎత్తి బండిలో పెట్టారు. గెడ్డ నా అరుగు ఎక్కేస్తోంది.

"కాంతం నేకుండా నానెల్లను. బండాపండ్రా!" అని అరిచింది అత్త.

ట్రాక్టరు తోలే పోలారావు నా ముఖం చూశాడు. మరి చేసేదేముంది?

"ఎక్కప్పా," అని నేనే పిలిచాను.

ఆవిడ ఎక్కి అత్త తల ఒళ్లో పెట్టుకుంది. నేను చివర చోటు చూసుకుని కూర్చున్నాను. మేము మెరక మీది బడికి చేరేసరికి నా ఇల్లు చూరు దాకా మునిగిందని కబురొచ్చింది. ఆవిడ ఇల్లు చెక్కుచెదరలేదు.

అత్త ఆ తర్వాత కొన్నేళ్లు బతికింది. నా చేతి గంజే తాగింది. పిలిచింది మాత్రం కాంతాన్నే.

పైడమ్మ, అరవై రెండేళ్లు. ఇప్పుడు పలాసలో ఉంటున్నాను.